మేనమామల సీమ: సుమత్రా కొండల్లో ఒక ఊరు

మన సభల్లో భోజనాల వరసలో నిలబడితే తప్పకుండా వినపడే ప్రశ్న ఒకటుంది: "ఊళ్ళో పొలం ఉంచారా, అమ్మేశారా?" అమ్మినవాళ్ళకి ఏదో వెలితి. ఉంచినవాళ్ళకి కౌలు రావట్లేదనీ, గట్టు జరిపేశారనీ బెంగ. ఊరు వదిలి వెళ్ళడం, ఊళ్ళో భూమి నిలబెట్టుకోవడం అనే ఈ రెండింటినీ కలిపి కొన్ని వందల ఏళ్ళుగా ఒక కట్టుబాటుగా నడుపుకొస్తున్న జాతి ఇండొనేషియాలో ఉంది. వాళ్ళని మినాంగ్‌కబావ్‌లు అంటారు. పడమటి సుమత్రా కొండలు వాళ్ళ పుట్టిల్లు.

ఆ కొండల్లో ఒక మారుమూల ఊరు పండామ్ గడాంగ్. పడాంగ్ రేవు నుంచి కొండలెక్కి, పాయకుంబూ పట్టణం దాటి, ఇంకా లోపలికి వెళ్ళాలి. అది ఉన్న జిల్లా పేరు 'లిమా పులూ కోతా', అంటే యాభై కోటలు. మన కోటే వాళ్ళ కోతా. ఊరిని వాళ్ళు 'నగరి' అంటారు, ఆస్తిని 'హర్తా' అంటారు. ఈ హర్తా సంస్కృతంలోని 'అర్థం' నుంచి వచ్చిందే. 14వ శతాబ్దంలో ఈ కొండలనేలిన ఆదిత్యవర్మన్ సంస్కృత శాసనాలు కూడా వేయించాడు. తర్వాత జనమంతా ఇస్లాం స్వీకరించారు, మాటలు మాత్రం మిగిలిపోయాయి.

ఇక ఆస్తి సంగతి. పూర్వీకుల నుంచి వచ్చిన వరిపొలం, తోట, ఇల్లు అన్నీ ఆడవాళ్ళవి. తల్లి నుంచి కూతుళ్ళకి, వాళ్ళ నుంచి వాళ్ళ కూతుళ్ళకి పోతాయి. ఇంటిపేరూ తల్లి వైపుదే. ఒక అమ్మమ్మ సంతానమంతా ఒకే పెద్ద ఇంట్లో, 'రూమా గడాంగ్'లో, ఉండేవారు. దాని కప్పు దున్నపోతు కొమ్ముల్లా రెండు వైపులా పైకి లేచి ఉంటుంది. వెనకవైపు వరసగా ఉండే గదులు పెళ్ళయిన ఆడవాళ్ళవి. మగపిల్లవాడికి ఏడెనిమిదేళ్ళు రాగానే పడక 'సురావ్'కి, అంటే ఊరి ప్రార్థనాశాలకి, మారేది. పెళ్ళయ్యాక అతను రాత్రికి భార్య ఇంటికి వెళ్ళేవాడు, తెల్లారాక తల్లి వైపు పొలం పనికి వచ్చేవాడు. అల్లుడంటే మొద్దు మీది బూడిద లాంటివాడని వాళ్ళ సామెత: గాలి వీస్తే ఎగిరిపోతాడు. మన కొత్తల్లుళ్ళ దర్జా ఎక్కడ, ఈ బూడిద ఎక్కడ!

మరి మగవాడికి పెత్తనమే లేదా అంటే, ఉంది, కానీ తండ్రిగా కాదు. మేనమామగా. వాళ్ళ మాటలో మేనమామ 'మామాక్'. అక్కచెల్లెళ్ళ పిల్లల చదువు, పెళ్ళి, పొలం తగాదాలు అన్నీ చూసేది ఆయనే. ఊరి పెద్దల సభలో మాట్లాడేదీ ఆయనే. అందుకే దీన్ని ఆడవాళ్ళ రాజ్యం అని మురిసిపోయేవాళ్ళ మాట నేను పూర్తిగా ఒప్పుకోను. ఆస్తి ఒకరిది, సభలో గొంతు ఇంకొకరిది. అయినా భూమి ఆడపిల్లదనే మాట చిన్నదేం కాదు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా అన్న చట్టం 1985 సెప్టెంబరు నుంచి గానీ అమలుకి రాలేదు.

ఈ వంశాస్తిని అమ్మకూడదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, వాడుకునే అనుమతి అందరికీ ఉంది, డిలీట్ చేసే అనుమతి ఎవరికీ లేదు. కుదువ పెట్టాలన్నా నాలుగే కారణాలు: ఇంట్లో శవం లేవకుండా ఉన్నప్పుడు, ఎదిగిన ఆడపిల్లకి పెళ్ళి చేయాల్సి వచ్చినప్పుడు, పెద్దిల్లు పాడైనప్పుడు, వంశపు పెద్ద బిరుదు నిలబెట్టాల్సి వచ్చినప్పుడు. అదీ బంధువులంతా సరేనంటేనే. మగవాడి వ్యాపారం దివాలా తీసిందన్నది ఆ నాలుగింటిలో లేదు.

తల్లి ఇంట్లో గది లేదు, భార్య ఇంట్లో అతిథి, పొలం అక్కచెల్లెళ్ళది. కాబట్టి కుర్రాడు బయల్దేరతాడు. దాన్ని 'మరంతావ్' అంటారు. 'రంతావ్' అంటే తమ సీమకి అవతలి నేల. బంగారం, మిరియాలు, తర్వాత కాఫీ పట్టుకుని కొండ దిగి తీరానికి, అక్కణ్ణించి మలయా దాకా వెళ్ళారు. ఈనాటి మలేషియాలోని నెగెరి సెంబిలాన్‌లో ఆడపిల్ల వారసత్వపు ఆచారం వీళ్ళు పట్టుకెళ్ళిందే. ఇల్లు గెంటేసింది కనుక వెళ్ళారని కొందరంటారు. నాకు మాత్రం తిరగేసి చూడాలనిపిస్తుంది. వెనక పొలం పోదన్న ధైర్యం ఉంది కాబట్టే అంత దూరం వెళ్ళగలిగారు. ఓడిపోయి వచ్చినా తల్లి ఇంటి వాళ్ళకి ఇంత అన్నం ఉంటుంది. ఆ అన్నం కోసం నాట్లేసింది మాత్రం ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళే అన్నది మర్చిపోకూడదు.

వెళ్ళినవాళ్ళు డబ్బే కాదు, గొడవలూ తెచ్చారు. 1803లో మక్కా యాత్ర నుంచి ముగ్గురు హాజీలు తిరిగొచ్చి, ఊరి ఆచారాలన్నీ మతానికి విరుద్ధమన్నారు. అది 'పద్రీ' యుద్ధమైంది. 1821లో డచ్చివారు అందులో దూరారు. 1837లో బొంజోల్ కోట పడింది. దాన్ని కాచిన ఇమామ్ బొంజోల్ ఎక్కడో సులవేసీ దీవిలో ప్రవాసంలోనే 1864లో పోయాడు. 1847 నుంచి డచ్చివారు బలవంతంగా కాఫీ వేయించి, తాము చెప్పిన ధరకే కొన్నారు. 1908లో దాన్ని తీసేసి నగదు పన్ను వేస్తే ఊళ్ళు తిరగబడ్డాయి. మంగ్గోపో ఊళ్ళో ఆ తిరుగుబాటుకి ముందు నిలిచింది సీతీ అనే ఆడమనిషి.

పండామ్ గడాంగ్‌లో పుట్టిన ఇబ్రహీం అనే కుర్రాడు ఆ రోజుల్లో బుకిత్తింగ్గిలో పంతులు చదువు చదువుతున్నాడు. 1913లో ఊరివాళ్ళు తలా కొంత వేసుకుని అతన్ని పైచదువుకి హాలెండ్ పంపారు. డచ్ ఉపాధ్యాయుడు హోరెన్స్మా సాయపడ్డాడు. వెళ్ళే ముందే వంశపు పెద్దరికం ఇచ్చి బిరుదు తగిలించారు: 'దాతుక్ తాన్ మలాకా'. చరిత్రలో నిలిచింది ఆ బిరుదే. 1919లో తిరిగొచ్చి, కమ్యూనిస్టు నాయకుడై, 1922లో దేశబహిష్కారం పొంది, మనీలా, బ్యాంకాక్, షాంఘై, సింగపూర్ అంటూ ఇరవై ఏళ్ళు మారుపేర్లతో తిరిగాడు. 1942లో దొంగచాటుగా దేశం చేరాడు. 1949లో, స్వాతంత్ర్య పోరాటం ఇంకా ముగియకముందే, తూర్పు జావాలో సొంత దేశపు సైనికుల చేతిలోనే చనిపోయాడు. 1963లో ఆయన్ని జాతీయ వీరుడన్నారు.

ఊరు కూడా మారింది. 1952లో బుకిత్తింగ్గిలో పెద్దలూ ఉలేమాలూ కూర్చుని రాజీ కుదుర్చుకున్నారు: వంశాస్తి ఆచారం ప్రకారం ఆడవాళ్ళ వరసలో, సొంత సంపాదన ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం పిల్లలకి. 1958లో జకార్తా మీద తిరుగుబాటు విఫలమయ్యాక వేలాదిమంది వలస పోయారు. ఈనాడు ఇండొనేషియాలో ఏ పట్నంలో చూసినా పడాంగ్ భోజనశాల కనబడటానికి ఈ వలసలే కారణం. ఇప్పుడు భార్యాపిల్లల్తో సహా వెళ్ళి తిరిగి రానివాళ్ళే ఎక్కువ. దానికి వాళ్ళు 'రంతావ్ చీనో' అని పేరు పెట్టారు, చైనావాళ్ళలా వెళ్ళినచోటే ఉండిపోవడమని. చాలా ఊళ్ళలో కొమ్ముల కప్పుల ఇళ్ళు తాళాలతో ఉన్నాయి. 1979 చట్టంతో నగరిలని ముక్కలు చేసి జావా పద్ధతి గ్రామాలుగా మార్చినా, 2000లో మళ్ళీ నగరిలని తెచ్చుకున్నారు. పండగకి పట్నాల నుంచి బళ్ళు కట్టుకుని గుంపుగా ఊరికి రావడాన్ని 'పులాంగ్ బసామో' అంటారు.

2017లో పండామ్ గడాంగ్ మనుషులు సముద్రం దాటి తూర్పు జావా వెళ్ళారు. తాన్ మలాకా సమాధి దగ్గరి మట్టి తీసుకుని, ఊరేగింపుగా ఊరికి తెచ్చి, ఆయన ఇంటి దగ్గర పెట్టారు. ఆయన బిరుదుని తల్లి వైపు వారసుడికి అప్పగించే ఆచారం కోసం ఆ మట్టి కావలసి వచ్చింది.