ఐఫోన్ టెన్: రూపకల్పన, డిస్‌ప్లే

ఐఫోన్ టెన్ అమెరికాకు చెందిన ఆపిల్ సంస్థ 2017 నవంబరు 3న అమ్మకానికి పెట్టిన స్మార్ట్‌ఫోన్. పేరులో ఉన్నది రోమన్ అంకె కావడంతో మన దుకాణాల్లో అది ‘ఐఫోన్ ఎక్స్’గానే స్థిరపడింది. ఆ ఏడాది సెప్టెంబరు 12న కాలిఫోర్నియాలోని కూపర్టినోలో, అప్పుడే కట్టి పూర్తిచేసిన స్టీవ్ జాబ్స్ థియేటర్‌లో జరిగిన మొట్టమొదటి కార్యక్రమంలో ఐఫోన్ 8, 8 ప్లస్‌లతో కలిపి దీన్ని ప్రకటించారు. మొదటి ఐఫోన్ వచ్చి అప్పటికి పదేళ్లు. ఓఎల్‌ఈడీ డిస్‌ప్లే, ముఖం చూసి తాళం తీసే ఫేస్ ఐడీ, హోమ్ బటన్ లేని ముందుభాగం ఐఫోన్లలోకి దీనితోనే వచ్చాయి. ప్రారంభ ధర అమెరికాలో 999 డాలర్లు, భారతదేశంలో 89,000 రూపాయలు. దిగుమతి సుంకం రెండుసార్లు పెరగడంతో మన దేశంలో అదే ఫోన్ 2018 ఫిబ్రవరి నాటికి 95,390 రూపాయలకు చేరింది.

ఖరీదైన ఫోన్లను మదింపు చేసేటప్పుడు రూపకల్పనకు ఒక మార్కు, డిస్‌ప్లేకు మరో మార్కు వేయడం సమీక్షకుల అలవాటు. ఐఫోన్ టెన్‌కు ఆ పద్ధతి సరిపడదు. ఈ ఫోన్ ఆకారాన్ని నిర్ణయించింది దాని తెరే. తెర ఎక్కడ వంగింది, ఎక్కడ తెగింది అన్నది తెలిస్తేనే మిగతాదంతా ఎందుకు అలా ఉందో తెలుస్తుంది.

అడుగు అంచు

2007 నుంచి ప్రతి ఐఫోన్‌కూ ముఖం ఒకటే: పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, కింది పట్టీలో గుండ్రటి బటన్. ఆ పట్టీలు అలంకారానికి పెట్టినవి కావు. ఎల్‌సీడీ తెరలో చుక్కలను నడిపించే చిప్, దాని తీగలు గాజు పలకకు ఒక అంచున కూర్చుంటాయి. గాజును మడవలేం కాబట్టి ఆ అంచు బయటికి కనబడక తప్పదు. బటన్ కూడా అక్కడే ఉండటం వల్ల ఆ చోటు వృథా అన్న భావన ఎవరికీ కలగలేదు.

ఐఫోన్ టెన్‌లో వాడిన ఓఎల్‌ఈడీ పొర గాజు మీద కాక పలుచని ప్లాస్టిక్ మీద తయారైంది. దాన్ని అడుగున వెనక్కి మడిచి, తీగలూ చిప్‌లూ తెర కిందికి నెట్టేశారు. దానివల్ల నాలుగు వైపులా అంచు ఒకే మందంలో వచ్చింది. అంచు సన్నబడటం కంటే నాలుగు వైపులా సమానంగా ఉండటమే ఇందులో కష్టమైన పని. చైనా సంస్థ షియోమీ 2016లోనే మీ మిక్స్‌తో అంచుల్లేని ఫోన్‌ను చూపించింది, కానీ దానికి కింద గడ్డం మిగిలిపోయింది. 2017 వసంతంలో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్8 తెరను పక్కలకు వంచింది, పైనా కిందా పట్టీలను ఉంచేసింది. ఆపిల్ పక్క అంచులను చదునుగా వదిలి, ఆ వంపును ఎవరికీ కనబడని అడుగు భాగంలో వాడుకుంది. ఈ రచయిత దృష్టిలో ఈ ఫోన్ రూపకల్పనలో అత్యుత్తమ నిర్ణయం అదే. విచిత్రం ఏమిటంటే, వాడేవారిలో చాలామంది దాన్ని గమనించనే లేదు.

మూలకు మూల కొలత

డిస్‌ప్లే 5.8 అంగుళాలని ప్రకటనలు చెప్పాయి. 8 ప్లస్ 5.5 అంగుళాలే కాబట్టి టెన్ తెర పెద్దదనుకోవడం సహజం. కానీ ఆ అంకె ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిచిన పొడవు మాత్రమే. సన్నగా, పొడవుగా ఉండే తెరకు ఆ కొలత ఎక్కువ వస్తుంది, విస్తీర్ణం మాత్రం ఆ మేరకు పెరగదు. టెన్ తెర వెడల్పు దాదాపు 62 మిల్లీమీటర్లు, 8 ప్లస్‌ది 68. గుండ్రటి మూలలూ పైభాగంలోని కోతా తీసేస్తే రెండు తెరల విస్తీర్ణం ఇంచుమించు సమానం. పుస్తకం చదివేవారికి, కీబోర్డు మీద వేగంగా కొట్టేవారికి 8 ప్లసే సుఖం.

ఫోన్ శరీరాన్ని చూస్తే లెక్క మారుతుంది. టెన్ కొలతలు 143.6 × 70.9 × 7.7 మిల్లీమీటర్లు, బరువు 174 గ్రాములు. 8 ప్లస్ 158.4 × 78.1 మిల్లీమీటర్లు, 202 గ్రాములు. అంటే పెద్ద ఫోన్ తెర దాదాపు మొత్తం చిన్న ఫోన్ శరీరంలో ఇమిడింది. ముందుభాగంలో తెర వాటా ఐఫోన్ 8లో సుమారు 65 శాతం అయితే ఇందులో 83 శాతం దాకా వస్తుంది. లోపల చోటు కోసం సర్క్యూట్ బోర్డును రెండు అంతస్తులుగా పేర్చి, బ్యాటరీని రెండు ముక్కలు చేసి ఎల్ ఆకారంలో అమర్చారు.

డిస్‌ప్లే

తెరలో 2436 × 1125 చుక్కలు, అంటే అంగుళానికి 458. తయారుచేసింది శామ్‌సంగ్ డిస్‌ప్లే సంస్థ. ఫోన్ల బజారులో ఆపిల్‌కు అతిపెద్ద పోటీదారు ఎవరో, దాని తెరకు అప్పట్లో ఏకైక సరఫరాదారూ ఆ కుటుంబమే.

ఎల్‌సీడీలో తెర వెనక ఎప్పుడూ దీపం వెలుగుతూనే ఉంటుంది. ముందున్న చుక్కలు తలుపుల్లా ఆ వెలుగును వదలడమో ఆపడమో చేస్తాయి. ఎంత గట్టిగా మూసినా కొంత కారుతుంది, అందుకే చీకట్లో నలుపు బూడిద రంగులో కనబడుతుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, నలుపు చూపాలంటే ఆరిపోతుంది. ఐఫోన్ 8 వెలుగు-నలుపుల నిష్పత్తి 1,400:1 అని, టెన్‌ది 10,00,000:1 అని ఆపిల్ ప్రకటించింది. ఈ అంకెను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. గదిలో లైటు వేస్తే తెర గాజు మీద పడే ప్రతిబింబమే ఆ నలుపును కొంత పలుచన చేస్తుంది. లక్షల్లో చెప్పే నిష్పత్తి దుప్పటి ముసుగులో సినిమా చూసేవారికి కనబడుతుంది, మిట్టమధ్యాహ్నం బస్టాండులో నిలబడ్డవారికి కనబడదు. అక్కడ పనికొచ్చేది గరిష్ఠ వెలుగు. అది టెన్‌లో 625 నిట్లు, ఐఫోన్ 8లోనూ అంతే. ఎండలో చదవడానికి ఈ ఫోన్ తన చవక తోబుట్టువును పెద్దగా మించలేదన్న మాట.

చుక్కల సాంద్రతలోనూ ఒక మెలిక ఉంది. ఎల్‌సీడీలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఉపచుక్కలు ఉంటాయి. ఈ ఓఎల్‌ఈడీలో ఆకుపచ్చ ప్రతి చుక్కకూ ఒకటి ఉన్నా ఎరుపు, నీలం రెండు చుక్కలకు ఒక్కొక్కటే. కాబట్టి 458 అనే అంకెను ఎల్‌సీడీ అంకెతో నేరుగా పోల్చకూడదు. ఉపచుక్కల లెక్కన చూస్తే అది 370 చిల్లరకు సమానం. అయినా ఐఫోన్ 8లోని 326 కంటే ఎక్కువే. సన్నని వత్తులు, గుడిదీర్ఘాలు ఉన్న తెలుగు లిపిని చిన్న సైజులో చదివేటప్పుడు తేడా తెలుస్తుంది.

రంగుల విషయంలో ఆపిల్ సంయమనం పాటించింది. ఓఎల్‌ఈడీ ఫోన్లంటే అప్పటికి గడ్డి మరీ పచ్చగా, ముఖాలు మరీ ఎర్రగా కనబడటం మామూలు. చూసీచూడగానే కొనుగోలుదారును ఆకట్టుకునే పద్ధతి అది. టెన్ తెర సినిమారంగం వాడే పీ3 రంగుల పరిధిని చూపగలదు, కానీ సాధారణ ఫొటోను ఆ పరిధికి సాగదీయదు. ఫొటోలో ఏ రంగు నమోదైందో దానికే కట్టుబడుతుంది. చుట్టూ ఉన్న వెలుతురు పసుపో నీలమో చూసి తెర తెలుపును దానికి తగ్గట్టు మార్చే ట్రూ టోన్ కూడా ఇందులో ఉంది. డిస్‌ప్లేలను ప్రయోగశాలలో కొలిచే డిస్‌ప్లేమేట్ సంస్థకు చెందిన రేమండ్ సొనీరా 2017 నవంబరులో ఈ తెరను తాను పరీక్షించిన ఫోన్లన్నిటిలో అత్యుత్తమమని ప్రకటించారు. పొర శామ్‌సంగ్‌దే అయినా, ప్రతి తెర రంగులనూ తూచి సరిచేయడం ఆపిల్ పనితనం.

ఓఎల్‌ఈడీకి ఉండే లోపాలు కూడా వెంట వచ్చాయి. పక్కనుంచి చూస్తే తెలుపు కాస్త నీలిగా మారుతుంది. ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే దాని మచ్చ మిగిలే అవకాశం ఉందని ఆపిల్ తన సహాయ పత్రంలోనే రాసింది. వెలుగు తగ్గించేందుకు ఈ తెర సెకనుకు సుమారు 240 సార్లు ఆరి వెలుగుతుంది. చాలామంది కంటికి అది తెలియదు, కొందరికి మాత్రం తలనొప్పి తెస్తుంది. అలాంటివారు వాడిన ఫోన్‌ను కొనేముందు వెలుగు బాగా తగ్గించి కాసేపు చదివి చూడటం మేలు. కొన్ని ఫోన్లలో తెర స్పర్శకు స్పందించకపోవడం, తాకకుండానే స్పందించడం జరిగింది. 2018 నవంబరులో ఆపిల్ అలాంటి తెరలను ఉచితంగా మార్చే కార్యక్రమం ప్రకటించింది.

నాచ్

తెర పైఅంచులో నల్లటి కోత ఒకటి ఉంటుంది. దాన్నే నాచ్ అంటారు. అందులో పరారుణ కెమెరా, పరారుణ దీపం, ముఖం మీదికి 30,000కు పైగా కనబడని చుక్కలను చిమ్మే ప్రొజెక్టర్, 7 మెగాపిక్సెల్ కెమెరా, స్పీకరు, మైకు, వెలుతురును పసిగట్టే పరికరాలు కిక్కిరిసి ఉన్నాయి. చుక్కలు ముఖపు ఎత్తుపల్లాల మీద ఎలా చెదిరాయో చూసి ఫోన్ యజమానిని గుర్తుపడుతుంది. 2013లో ఆపిల్ కొన్న ఇజ్రాయెల్ సంస్థ ప్రైమ్‌సెన్స్ చేతిలో ఉన్నది ఈ కోవకు చెందిన పరిజ్ఞానమే. వేరొకరి ముఖానికి తాళం తెరుచుకునే అవకాశం 10 లక్షల్లో ఒకటి అని ఆపిల్ చెప్పింది. వేలిముద్రకు అది 50 వేలలో ఒకటి.

నాచ్ అందంగా ఉందని వాదించినవారు తక్కువ. నిలువుగా పట్టుకుంటే గడియారం, సిగ్నల్ గుర్తులు ఆ కోతకు రెండు వైపులా సర్దుకుంటాయి, బ్యాటరీ శాతానికి చోటు లేక దాన్ని దాచేశారు. అడ్డంగా తిప్పి సినిమాను తెర నిండా సాగదీస్తే బొమ్మలో ఒక పక్క ముక్క ఎగిరిపోతుంది. పైన పూర్తిగా నల్లపట్టీ వేసి దాన్ని దాచవచ్చు. ఆపిల్ మాత్రం దాచవద్దని యాప్‌లు రాసేవారికి స్పష్టంగా సూచించింది. లోపాన్ని గుర్తింపు చిహ్నంగా మలుచుకుంది. వ్యాపారంగా అది ఫలించింది, రూపకల్పనగా అది రాజీయే.

పైగా ఇది మొదటి నాచ్ కూడా కాదు. 2017 ఆగస్టులోనే వచ్చిన ఎసెన్షియల్ ఫోన్‌కు పైఅంచున చిన్న కోత ఉంది. అయినా ప్రపంచమంతా అనుకరించింది ఆపిల్‌నే. 2018లో మన బజారులోకి వచ్చిన వివో వీ9, ఒప్పో ఎఫ్7, వన్‌ప్లస్ 6లకు నాచ్ ఉంది. కింద గడ్డమూ ఉంది. కోతను కాపీ కొట్టడం తేలిక, మడతను కొట్టడం ఖరీదు. ఫేస్ ఐడీ స్థాయి పరికరాలు లేని ఫోన్లకు అంత కోత అవసరమే లేదు.

ముఖం మీద ఆధారపడటంలోని బలహీనత కోవిడ్ మాస్కులతో బయటపడింది. మాస్కుతో ముఖాన్ని గుర్తించే సౌకర్యం 2022లో ఐఓఎస్ 15.4తో వచ్చింది, అదీ ఐఫోన్ 12, ఆపై ఫోన్లకే. టెన్ వాడేవారిలో చాలామందికి పాస్‌కోడే గతి అయింది.

గాజు, ఉక్కు

ముందూ వెనకా గాజు, చుట్టూ మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్ చట్రం. తీగ లేకుండా చార్జింగ్ కావాలంటే వెనకభాగం లోహం కాకూడదు, గాజుకు అదీ ఒక కారణం. చేతిలో పట్టు బాగుంటుంది, స్టీలు మీద గీతలు త్వరగానే పడతాయి. కెమెరా ఉబ్బు వల్ల బల్ల మీద పెట్టి టైప్ చేస్తే ఫోన్ ఊగుతుంది. వారంటీ వర్తించనప్పుడు అమెరికాలో తెర మార్చడానికి 279 డాలర్లు, వెనక గాజు పగిలితే 549 డాలర్లు అయ్యేది. వెనక గాజు చట్రానికి అంటుకుపోయి ఉండటమే ఆ తేడాకు కారణం. ఏ సమాచారమూ చూపని పలక, వాడకమంతా ఆధారపడిన తెర కంటే ఖరీదు కావడం రూపకల్పనలో క్షమించరాని తప్పు.

జ్ఞా

ఈ ఫోన్ చరిత్రలో తెలుగుకు నేరుగా సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేక పద్ధతిలో, అంటే జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తును చేర్చి పంపితే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మళ్లీ మళ్లీ ఆగిపోయేది. లోపం తెరది కాదు, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్‌ది. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో అది తీరింది. తెలుగు అక్షరం ప్రపంచ పత్రికల శీర్షికలకెక్కిన అరుదైన సందర్భాల్లో అదొకటి.

తర్వాతి కాలం

2018 సెప్టెంబరులో టెన్ ఎస్, టెన్ ఆర్ ప్రకటించగానే ఆపిల్ టెన్ అమ్మకం ఆపేసింది. మార్కెట్‌లో ఉన్నది ఏడాదిలోపే. టెన్ ఆర్‌లో నాచ్ ఉంచి తెరను మళ్లీ ఎల్‌సీడీ చేశారు. దాని అంచులు మందంగా రావడం చూస్తే ఆ మడత విలువ తెలుస్తుంది. నాచ్ 2021లో ఐఫోన్ 13తో కుంచించుకుంది, 2022లో 14 ప్రోతో తెరలోపలి మాత్ర ఆకారానికి దారి ఇచ్చింది. టెన్‌కు చివరి పెద్ద సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 16. బటన్ బదులు అడుగు నుంచి పైకి వేలితో తోసే పద్ధతి మాత్రం దాదాపు మార్పు లేకుండా కొనసాగుతోంది. 2025 ఫిబ్రవరిలో మూడో తరం ఐఫోన్ ఎస్‌ఈని ఉపసంహరించుకోవడంతో హోమ్ బటన్ ఉన్న ఐఫోన్ ఆపిల్ అమ్మకాల జాబితాలో ఒక్కటీ లేకుండా పోయింది.