కుమ్మరీ, పుట్టా, మోటారుకారూ

ఆధునిక సాహిత్యం మీద శాస్త్రభావాల ప్రభావం గురించి పాఠం చెబుతూ ఒకరోజు తరగతిలో డార్విన్ పేరెత్తాను. వెనక బెంచీలోంచి ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, రోడ్డు మీద పోయే కారుకే ఒక కర్త ఉన్నాడు గదా, దాన్ని నడిపే మనిషికి కర్త లేడంటారా?" అని అడిగాడు. తరగతి నవ్వింది. ఇంతలో గంట కొట్టారు. నిజం చెప్పాలంటే, ఆ గంట నన్ను కాపాడింది.

అది కొంటె ప్రశ్న కాదు. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామాన్ని తొలగించారు. ఆ పుస్తకం చదివి, పైతరగతుల్లో జీవశాస్త్రం తీసుకోని పిల్లలకు ఈ విషయం ఇక ఎవరు చెప్పాలి? కాబట్టి ఆనాటి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఈ వాదం చాలా పాతది. కుండ కార్యం, దానికి కుమ్మరి కర్త. భూమీ, మొలకా కూడా కార్యాలే. కనుక వాటికీ బుద్ధిమంతుడైన కర్త ఉండితీరాలన్నారు మన నైయాయికులు. ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ణి నిలబెట్టింది ఇలాంటి అనుమానాల మీదనే. 1802లో ఇంగ్లండులో విలియం పేలీ కుండకు బదులు గడియారం పెట్టాడు. ఇప్పుడు కారు పెడుతున్నారు. వస్తువు మారింది గాని వాదం మారలేదు.

దీనికి జవాబు కూడా మన దగ్గరే పుట్టింది. మట్టితో చేసిన ఆకారం గనుక కుండకు కుమ్మరి ఉన్నాడంటే, పుట్ట కూడా మట్టి ఆకారమే, దాన్నీ కుమ్మరే చేశాడనాల్సి వస్తుందన్నాడు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి. వేదాన్ని ప్రమాణంగా నమ్మిన మీమాంసకుడు కుమారిలుడు సైతం సృష్టికర్తను ఒప్పుకోలేదు. కర్తను ప్రశ్నించడం పడమటి నుంచి దిగుమతి అయిన సరుకని చెప్పేవారు ఈ సంగతి మరిచిపోతున్నారు.

అయితే పొరపాటు ఒకవైపే జరగలేదు. 1990లో టిమ్ బెర్రా అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు, 1953, 1954 నాటి కార్వెట్ కార్లను పక్కపక్కన పెట్టి, తరవాతి నమూనాలనూ వరసగా చూస్తే మార్పుల క్రమం కళ్లకు కడుతుందనీ, శిలాజాల్లో కనిపించేదీ ఇలాంటి క్రమమేననీ రాశాడు. ఫిలిప్ జాన్సన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 1997లో దీన్ని పట్టుకున్నాడు. ప్రతి కార్వెట్ వెనకా ఇంజనీర్లున్నారు గదా, ఇది మా వాదానికే సాక్ష్యం అన్నాడు. ఆ ఉపమానం మీద జాన్సన్ ఎత్తిపొడుపు సరైందే. కాని దాంతో సృష్టివాదం నెగ్గినట్టా? కారు కథ కాస్త తరచి చూద్దాం.

కారుకు "ఒక" కర్త ఉన్నాడా? 1886లో కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు పొందాడు. అదే ఏడు డైమ్లర్ ఒక గుర్రబ్బండిని తెప్పించి దానికి ఇంజను బిగించాడు. 1891లో పనార్ - లెవసోర్ వారు ఇంజనును ముందుకు తెచ్చారు. 1888లో బెంజ్ భార్య బెర్తా ఆ బండి మీద మన్‌హైం నుంచి ఫోర్జ్‌హైం వెళుతూ, బ్రేకులు అరిగిపోతే దారిలో ఒక చెప్పులు కుట్టేవాడి చేత తోలు ముక్కలు కొట్టించింది. ఆ తోలు అతికించిన చేతుల్ని కర్తల జాబితాలో ఎవరు చేర్చారు? 1913లో ఫోర్డు కర్మాగారంలో కదిలే పట్టీ వచ్చాక, పన్నెండున్నర గంటలు పట్టే ఛాసీ కూర్పు గంటన్నరకు దిగింది. ఆ పద్ధతికి ప్రేరణ షికాగో కబేళాలు. డార్విన్ ప్రకృతి సాంకేతిక చరిత్ర మీద దృష్టి మళ్లించాడనీ, మనిషి ఉత్పత్తి సాధనాల చరిత్రకూ అంత శ్రద్ధ దక్కాలనీ, అది రాస్తే ఏ ఆవిష్కరణా ఒక్కడి సొత్తు కాదని తేలుతుందనీ మార్క్సు కాపిటల్‌లో అన్నాడు. కారు ఆ మాటకు మంచి నిదర్శనం.

అంటే కారు జీవిలాంటిదనా? కాదు. కార్లు పిల్లల్ని కనవు. ఒక కంపెనీ పెట్టిన గాలిసంచిని మర్నాడు మరో కంపెనీ పెట్టుకోగలదు. పక్షి ఈకను ఆవు అరువు తెచ్చుకోలేదు. (సూక్ష్మజీవుల మధ్య జన్యువుల మార్పిడి వేరే సంగతి.) అందుకే జంతువుల వంశాలు కొమ్మలుగా చీలిపోతాయి, కార్ల వంశాలు కలగాపులగంగా కలుస్తాయి. ఇంజనీరు పాత పటం చించేసి కొత్తది గీయగలడు. జీవికి ఆ స్వేచ్ఛ లేదు. ప్రతి తరంలోనూ బతికి తీరాలి, ఉన్నదాన్నే సవరించుకోవాలి. మన కంట్లో నరాల తంతువులు వెలుగును పట్టే పొరకు ముందువైపున ఉండి, ఒకచోట రెటీనాను చీల్చుకుని వెనక్కి పోతాయి. అక్కడ మనకు చూపు లేదు. ఆక్టోపసు కంటికి ఆ లోపం లేదు. బుద్ధిమంతుడైన కర్త గీసిన పటంగా ఇది అర్థం కాదు. వంశచరిత్రగా చూస్తే అర్థమవుతుంది.

ఈ ఉపమానంలో మరో ప్రమాదం ఉంది. కార్ల మార్పును ప్రకృతివరణం అంటే, బజారు కూడా ప్రకృతి అయిపోతుంది. అంబాసిడర్‌నే చూడండి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర ఉత్తర్‌పారాలో మొదలై, పెద్ద మార్పేమీ లేకుండా 2014 దాకా తయారైంది. అన్నాళ్లు నిలవడానికి లైసెన్సు విధానం, దిగుమతుల మీద ఆంక్షలు, సర్కారీ కొనుగోళ్లు తోడ్పడ్డాయి. అవి మనుషులు చేసిన నిర్ణయాలు, మనుషులే మార్చగలరు. ఆ కర్మాగారం మూతపడినప్పుడు వీధిన పడ్డ కార్మికులతో "యోగ్యమైనదే మిగులుతుంది" అనేవాడు డార్విన్ శిష్యుడు కాడు. ఆ మాట 1864లో స్పెన్సర్ పుట్టించింది.

కాబట్టి ఆ విద్యార్థికి నా జవాబు ఇది: బాబూ, కారును చేసినవాళ్లున్నారు. ఒక్కరు కాదు, వేలమంది. వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు. వాళ్లను మనం చూశాం, వాళ్ల జీతాల లెక్కలు చూశాం, సమ్మెలు చూశాం. మనిషి విషయంలో మనం చూసింది కర్తను కాదు. శిలాజాలను, వారసత్వాన్ని, లోపాలతో సహా దిగివచ్చిన శరీరాన్ని. రెండింటికీ చరిత్ర ఉంది. "ఎవరు చేశారు" అన్నచోటనే ఆగితే రెండు చరిత్రలూ మూతపడతాయి. "ఎలా వచ్చింది" అని అడిగితే రెండూ తెరుచుకుంటాయి.

ఈ జవాబు అతనికి జీవశాస్త్ర అధ్యాపకుడు చెప్పాల్సింది. పుస్తకంలో లేనప్పుడు తెలుగు మాస్టరైనా చెప్పక తప్పదు. వచ్చే పాఠంలో ఒక గంట అందుకే కేటాయించాను.