చీలికా, కూర్పా: ఆస్టిన్ నగర కాంగ్రెస్ ప్రాతినిధ్యం, 2003–2025

2000 జనగణన ప్రకారం టెక్సాస్ రాజధాని ఆస్టిన్ జనాభా 6,56,562. ఆ రాష్ట్రానికి అప్పుడు లభించిన 32 కాంగ్రెస్ స్థానాల్లో ఒక్కొక్కదానికి సగటున సుమారు 6,51,600 మంది వస్తారు. అంటే ఆ నగరం తానొక్కటే ఒక నియోజకవర్గానికి సరిపోయే దశకు చేరింది. దాన్ని మూడుగా చీల్చినది కూడా ఆ దశలోనే.

లిండన్ జాన్సన్ 1937లో గెలిచిన పదవ నియోజకవర్గంలో ఆస్టిన్‌తోపాటు పరిసర గ్రామీణ కౌంటీలూ ఉండేవి. నగరం పెరిగేకొద్దీ ఆ హద్దులు కుంచించుకుపోయి, 1990ల నాటికి అది ప్రధానంగా ఆస్టిన్ స్థానమైంది. 1964 నాటి వెస్‌బెర్రీ తీర్పు నియోజకవర్గాల మధ్య జనాభా సమానత్వాన్ని విధించింది కాని, గీత ఎటు సాగాలో చెప్పలేదు. భారతదేశంలో డీలిమిటేషన్ కమిషన్ చేసే ఈ పనిని టెక్సాస్‌లో రాష్ట్ర శాసనసభే చేస్తుంది, గీసేవారే లబ్ధిదారులు.

2003లో రిపబ్లికన్ ఆధిక్యం గల శాసనసభ దశాబ్ది మధ్యలోనే పటాన్ని తిరగరాయబూనింది. కోరం లేకుండా చేయడానికి డెమొక్రాట్ సభ్యులు ఓక్లహోమాకు, తర్వాత సెనేటర్లు న్యూమెక్సికోకు తరలిపోయినా ఫలితం దక్కలేదు. ఆస్టిన్‌లో ఒక ముక్క హ్యూస్టన్ శివార్లతో, మరొకటి శాన్ ఆంటోనియోతో, మూడవది మెక్సికో సరిహద్దు ప్రాంతంతో కలిసింది. పదవ స్థానం ప్రతినిధి లాయిడ్ డాగెట్ ఇరవై అయిదవ స్థానానికి మారవలసి వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దశాబ్ది మధ్య పునర్విభజనను తప్పుపట్టలేదు. పొరుగునున్న ఇరవై మూడవ స్థానం విషయంలో మాత్రం ఓటింగ్ హక్కుల చట్టం ఉల్లంఘన జరిగిందని నిర్ణయించింది. 2010 జనగణన తర్వాత నగరమున్న ట్రావిస్ కౌంటీ అయిదు స్థానాలకు పంచబడింది. వాటిలో నాలుగు రిపబ్లికన్లవి. డాగెట్ మళ్లీ స్థానం మారాడు.

అయితే చీల్చడానికీ ఒక పరిమితి ఉంది. నగర ఓటర్లను పలు స్థానాల్లో కలిపినప్పుడు వారి బలం పలచబడాలంటే ఆ స్థానాల్లో ఇతరుల సంఖ్య నిలకడగా ఉండాలి. ఆస్టిన్ పెరుగుదల ఆ లెక్కను తారుమారు చేసింది. 2018లో ఇరవై ఒకటవ స్థానాన్ని రిపబ్లికన్ అభ్యర్థి మూడు శాతంకంటె తక్కువ తేడాతో, పదవ స్థానాన్ని అయిదు శాతంకంటె తక్కువ తేడాతో నిలుపుకొన్నారు. 2020లో నగర జనాభా 9,61,855. రాష్ట్ర స్థానాలు 38. 2021లో అదే శాసనసభ ఆస్టిన్ కేంద్రంగా ముప్పై ఏడవ స్థానాన్ని సృష్టించింది. దీన్ని నగరాభివృద్ధికి దక్కిన గుర్తింపుగా చూడడం పొరపాటు. డెమొక్రాట్ ఓటర్లను ఒకచోట కూర్చి చుట్టుపక్కల స్థానాలను కాపాడుకోవడమే దాని పని. 2022లో డాగెట్‌కు అక్కడ నాలుగింట మూడు వంతులకు పైగా ఓట్లు రావడమే ఇందుకు సాక్ష్యం. పక్షపాత విభజన ఫెడరల్ కోర్టుల విచారణకు అతీతమని 2019 రూచో తీర్పు తేల్చిన తర్వాత అలాంటి గీతకు అడ్డు చెప్పే దారులూ తగ్గాయి.

2025లో శాసనసభ మరోసారి దశాబ్ది మధ్యలో పటం మార్చింది. ఆస్టిన్‌నుంచి శాన్ ఆంటోనియో వరకు సాగిన ముప్పై అయిదవ స్థానం ఆస్టిన్‌ను విడిచిపెట్టింది. దాని ప్రతినిధి గ్రెగ్ కాసార్ ముప్పై ఏడవ స్థానంవైపు మళ్లాడు. కొత్త పటం నిలిస్తే తాను పోటీచేయనని డాగెట్ ప్రకటించాడు.