ఒక మహాసంఖ్య చెప్పు నీతి

1,76,63,19,049. ఈ సంఖ్యను జూచినవారికి ఇది యేదో యొక రాజ్యపు టాదాయమని తోచవచ్చును. కాని దీని విశేషము పరిమాణమున లేదు, గుణమున గలదు. దీని వర్గమునుండి ఒకటి తీసివేసి, మిగిలినదానిని 61 చేత భాగించినచో 22,61,53,980 యొక్క వర్గము నిశ్శేషముగా వచ్చును. ఒకటిని విడిచినచో, ఇట్టి గుణముగల సంఖ్యలలో నిదియే కనిష్ఠము.

61కి ఇరుప్రక్కల నున్నవానిని జూడుడు. 60కి 31 చాలును: దాని వర్గము 961, ఒకటి తీసి 60చే భాగింపగా 16, అనగా 4 యొక్క వర్గము, వచ్చును. 62కి 63 చాలును. నడుమనున్న 61 మాత్రము పదిస్థానముల సంఖ్యకుగాని లొంగదు. ఒక్కొక్క సంఖ్యనే పరీక్షించుచు బోవువానికి ఆయువు చాలదు.

ఇట్టి ప్రశ్నలను మన పూర్వులు వర్గప్రకృతి యనిరి. రెండు సాధనలను గలిపి మూడవదానిని బుట్టించు 'భావన'ను 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున దెలిపెను. 1150లో భాస్కరాచార్యుడు బీజగణితమున చక్రవాళమను పద్ధతిని వివరించుచు ఈ 61నే యుదాహరణముగా గైకొనెను. 8 యొక్క వర్గము 64. అది 61కంటె 3 ఎక్కువ. ఇచ్చటనుండి చక్రము నొకమారు త్రిప్పగా 39, 5 లభించును: 39 యొక్క వర్గము 1521, 5 యొక్క వర్గమునకు 61 రెట్లు 1525, భేదము నాలుగే. దీనిపై భావనను బ్రయోగింపగా 29,718, 3,805 వచ్చును. ఇపు డొకటియే తక్కువ. మరియొక భావనతో మన మహాసంఖ్య సిద్ధించును.

1657లో ఫ్రాన్సుదేశీయుడగు ఫెర్మా, భాస్కరుని యెఱుగకయే, ఈ 61నే తోడి గణితజ్ఞులకు సమస్యగా నిచ్చెను. ఇంగ్లాండున బ్రౌంకరు ఇట్టి ప్రశ్నలకు మార్గము గనిపెట్టెను. ఆయిలరు పొరపాటున దీనికి పెల్ అను నాతని పేరు తగిలింపగా, ఆ పేరే పాఠ్యగ్రంథములలో నిలిచిపోయినది. భాస్కరుని బీజగణితము కోల్‌బ్రూకు ఆంగ్లానువాదముగా 1817లో లండనున వెలువడెను.

ఇది విని పొంగిపోవువారికి ఒకమాట. వర్గముకాని ప్రతిసంఖ్యకును ఇట్టి సాధన యుండి తీరునని నిరూపించినవాడు లగ్రాంజి. అది 1768 నాటి పని. అట్టి నిరూపణము భాస్కరుని గ్రంథమున గానరాదు. మార్గము మనవారిది, అది యెన్నడును దప్పదను నిశ్చయము పిమ్మట వచ్చినది. రెండును గొప్పవే.

అన్నియు మన శాస్త్రముల నున్నవని చేతులు ముడుచుకొనువారును, మనకేమియు లేదని తలవంచుకొనువారును ఒక్క విషయమున సమానులు: ఇరువురును లెక్కచేసి చూడరు. శ్లోకమును వల్లించి చక్రమును ద్రిప్పనివాడు భాస్కరునికి వారసుడు కాజాలడు. 29,718ని వర్గించి ఒకటి కలిపి, 61చే భాగించి చూడుడని మన బాలురకును బాలికలకును పలక చేతికిత్తము. 3,805 యొక్క వర్గము తమ చేతిలోనే తేలినప్పుడు వారు గురువును నమ్మవలసిన పని యుండదు, గ్రంథమును నమ్మవలసిన పని యుండదు. మేము కోరు విద్య యిట్టిది.