రేవు దాటినవారి ఇల్లు

లంకల గన్నవరంలో వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరెత్తితే మా కోనసీమలో ముందుగా వినిపించేది ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం కథ. దొరలు ఆమెను వేడుకకు పిలిచారనీ, ఆమె రానంటే ఫొటో అయినా ఇమ్మన్నారనీ చెప్పుకుంటారు. ఆ కథను కాదనను గాని, లంకల గన్నవరం చరిత్ర రాయబోయేవాడికి దానివల్ల ఒరిగేది తక్కువ. ఆమె కీర్తి ఎంతదూరం పాకిందో అది చెబుతుంది; ఏటి మధ్యన ఉన్న ఒక రైతింటికి వేళాపాళా లేకుండా అంతమంది ఎందుకు వచ్చేవారో చెప్పదు. నన్నడిగితే, మనం పుణ్యకథగా చెప్పుకునే ఆ అన్నదానం మన రాకపోకల చరిత్రలో ఒక అధ్యాయం. వంతెనలు అరుదైన కాలంలో గోదావరి పాయలు దాటేవారికి ఆ ఇల్లే మజిలీ.

ధవళేశ్వరం దగ్గర గౌతమిగా, వసిష్ఠగా చీలిన గోదావరిలో వసిష్ఠ నుంచి గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. ఆ రోజుల్లో ఈ పాయల నడుమ ఎటు వెళ్లాలన్నా దాదాపుగా ఒక రేవు తగిలేది. పడవ ఎప్పుడు కదులుతుందో బాటసారి చేతిలో లేదు; గాలి, వరద, అవతలి ఒడ్డున జనం, అన్నీ కలిసిరావాలి. పొద్దున్నే చద్ది తిని బయల్దేరినవాడు ఏ మూడో జాముకో ఒడ్డెక్కేవాడు. సత్రాలు లేవా అంటే ఉన్నాయి, కానీ అవి పెద్ద రస్తాల మీదా పుణ్యక్షేత్రాల్లోనూ. వేళ మించాక వచ్చినవాడికి అక్కడ ఆకు వేస్తారన్న భరోసా లేదు. సీతమ్మగారి పేరు నిలిచింది సరిగ్గా ఇక్కడే: అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి రాజేసేవారని. అంతర్వేది కథే తీసుకోండి. నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరిన ఆమెకు దారిలో ఒక పెళ్లిబృందం ఎదురైందట. ఆకలికి ఏడుస్తున్న పిల్లలతో పెద్దవాళ్లు, కాస్త ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుందని చెప్పడం విని, ఆమె వెనుదిరిగి వచ్చి వండి పెట్టారంటారు. చెప్పేవారు ఆమె త్యాగం దగ్గర ఆగిపోతారు. నాకు ఆ పెళ్లివారి మాటే గట్టి సాక్ష్యంగా తోస్తుంది. ముందుగా కబురు పెట్టకుండానే, ఆ ఇంటిని లెక్కలో పెట్టుకుని వాళ్లు ప్రయాణం కట్టారు.

అంత అన్నం ఎక్కడిది? ఆమె 1841లో మండపేటలో పుట్టారు. 1847లో మొదలైన కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యేనాటికి ఆమెకు పదకొండేళ్లు. అంటే ఆమె కాపురం డెల్టాకు కాలువ నీరు వచ్చాక సాగిన కాపురం. భర్త జోగన్న పంతులుగారు భూవసతి ఉన్నవారు. వరద వదిలివెళ్లే ఒండ్రులో కూరగాయలకు, అపరాలకు కొదవ ఉండదు. అయితే ధాన్యం ఉంటే అన్నం ఉన్నట్టు కాదు. మరలు లేని రోజుల్లో ప్రతి గింజా రోట్లో దంచి, చెరిగి, ఆ తర్వాతే ఎసట్లోకి వెళ్లాలి. దంచినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, కట్టెలు కొట్టినవాళ్లు కథలో ఎక్కడా లేరు.  ఆస్తి కరిగిపోతున్న రోజుల్లో పొలం తవ్వుతుంటే బంగారు నాణేల బిందె దొరికిందని ఇంకో కథ ఉంది. బిందె నిజమో కాదో నేను తేల్చను. ఆ ఇంటి ఖర్చు పంటను మించిపోతోందని చుట్టుపక్కలవారికి తెలియకపోతే అలాంటి కథ పుట్టేది కాదు.

అదే ఏరు, అదే ఒండ్రు పక్క రైతులకూ ఉన్నాయి కదా, మరి వాళ్ల పేర్లు ఎందుకు నిలవలేదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. రేవు ఆకలిగొన్నవారిని తెస్తుంది గాని తలుపు తీయదు, తీసింది ఆమె. పుట్టింట్లోనే ఆ అలవాటు ఉంది: వచ్చినవారికల్లా పెట్టే ఆమె తండ్రిని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారంటారు. కాబట్టి ఆమె గొప్పదనాన్ని భూగోళానికి కట్టబెట్టడం నా ఉద్దేశం కాదు. ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. కులమడగకుండా పెట్టారంటారు, సరే. ఆనాటి బ్రాహ్మణ గృహంలో అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారా? ఆ కాలపు రివాజు తెలిసినవారెవరూ అవునని తొందరపడి అనరు. ఒకే పంక్తి అని ఇవాళ మనం అలంకరించి చెప్పడం చరిత్ర కాదు. ఏ కులంవాడైనా ఆకలితో వెనక్కి పోలేదన్న మాట మాత్రం తరతరాలుగా అన్ని వాడల్లోనూ వినిపిస్తోంది. ఆనాటికి అది చిన్న సంగతి కాదు.

ఆమె 1909లో పోయారు. గన్నవరం దగ్గర వైనతేయ మీది కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. పడవ కోసం పడిగాపుల్లేకుండా ఏరు దాటించే కట్టడానికి ఆ పేరు తగినదే. 2024లో రాష్ట్రంలోని బడి మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే వచ్చింది. ఆ అన్నం తినే మన పిల్లలకు ఆమె కథ చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి: చక్రవర్తి సంగతి తర్వాత చెప్పినా ఫర్వాలేదు, ముందు గోదావరి పటం గీసి రేవులు చూపించండి.