తాత లెన్సు, మనవడి కెమెరా

పోయిన ఆడి మాసంలో మా పెద్దింటి మేడ మీది చెక్కబీరువా ఖాళీ చేశాం. ఇల్లు పంపకాలకి వచ్చింది. కొన్నవాళ్ళు తై నెల దాటాక పడగొట్టి కొత్తది కట్టుకుంటారట. బీరువా అడుగున, పాత ధోవతుల కింద, తోలు సంచిలో తాత కెమెరా దొరికింది. ఆసాహి పెంటాక్స్. ముందున్న లెన్సు మీద తెల్లటి అక్షరాలు: సూపర్ టకుమార్, 50 మి.మీ., ఎఫ్ 1.4.

మాది కోయంబత్తూరు పక్కన పల్లె. విజయనగరం, మదురై నాయకుల రోజుల్లో ఇటు వచ్చిన తెలుగువాళ్ళమని పెద్దలు చెప్పేవాళ్ళు. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం, లెక్కలు మాత్రం రెండింట్లోనూ. మా తాతకి ఫొటోల పిచ్చి. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ వాళ్ళ ‘ఇందు’ నలుపు తెలుపు ఫిలిం చుట్టలు కొనుక్కొచ్చి, ఒక్కో చుట్టని నెలల తరబడి పొదుపుగా వాడేవాడు. మరి ఆ జపాను కెమెరా మన ఊరికి ఎట్లా వచ్చింది? విదేశీ సరుకు మీద సుంకాలు మండిపోతున్న రోజులవి. మద్రాసు బీచి స్టేషను ఎదురుగా బర్మా బజారులో కొన్నాడని అవ్వ చెప్పింది.

బర్మా బజారు సంగతి ఒక్క ముక్క. 1960లలో బర్మా వదిలి రావలసివచ్చిన మనవాళ్ళు బతుకుతెరువు కోసం వేసుకున్న అంగళ్ళు అవి. బర్మాలో తెలుగువాళ్ళని ‘కోరింగీలు’ అనేవాళ్ళు. యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి పోయారు కాబట్టి ఆ పేరు. యానాం నుంచి ఇది చదివేవాళ్ళకి మేం కొత్తగా చెప్పేదేమీ లేదు. మా తాత కెమెరా అమ్మినవాడు కోరింగీయో కాదో ఎవరికి తెలుసు! అయినా ఆ సంచి చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మాకు ఆ మాట గుర్తుకొస్తుంది.

సరే, లెన్సు. మా చిన్నాయన కొడుకు దగ్గర అద్దం లేని కొత్తరకం కెమెరా ఉంది, మిర్రర్‌లెస్ అంటారే అది. ఇల్లు పోయేలోగా తాత లెన్సుతోనే అవ్వని ఆ ఇంటి తిన్నె మీద కూచోబెట్టి ఫొటో తియ్యాలని అనుకున్నాం. అవ్వకి ఎనభై ఆరు. లెన్సుని కిటికీ వెలుగులో పెట్టి చూస్తే లోపలి గాజు టీ నీళ్ళ రంగులో ఉంది. దాని మీద సాలెగూడు పోగుల్లా బూజు.

ఆ పసుపు వయసు వల్ల వచ్చిందనుకున్నాం, కాదట. వెలుగుని బాగా వంచే గాజు కావాలని ఆ రోజుల్లో కొన్ని లెన్సుల్లో థోరియం కలిపేవాళ్ళు. పెట్రోమాక్స్ దీపం మాంటిల్‌లో ఉండేదీ అదే. మన కన్యాకుమారి జిల్లా మణవాళకురిచ్చి ఇసుకలో దొరికే మోనజైటులోనూ ఉంటుంది. థోరియం కొద్దిగా రేడియోధార్మికం, ఏళ్ళు గడిచేకొద్దీ తానున్న గాజుకే పసుపు పట్టిస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ పసుపు విరుగుతుంది. కెమెరాకి తగిలించి ఫొటోలు తీసుకోడానికి భయపడాల్సినంత సంగతి కాదు గానీ, ఆ గాజుని కంటికి ఆనించుకుని భూతద్దంలా వాడకూడదు, పగిలితే ముక్కల్ని ఉత్త చేతుల్తో ఏరకూడదు.

మేడ మీద ఎండలో పెట్టాం. మొదటి రోజే లెన్సు సూర్యుణ్ణి పోగుచేసి అవ్వ ఈతచాపకి నల్లటి చిల్లు పెట్టింది. ‘ఇల్లు పడగొట్టేదానికి వాళ్ళున్నారు, మీరు కాల్చక్కర్లేదు’ అంది అవ్వ. ఆ తర్వాత కింద వెండి కాగితం పరిచి, పక్కనే మనిషి కాపలా ఉండి మరీ పెట్టాం. మూడు వారాలకి పసుపు చాలామటుకు పోయింది. బూజు పోలేదు. టౌనులో పాత కెమెరాలు బాగుచేసే పెద్దాయన విప్పి తుడిచాడు గానీ, బూజు వదిలిన ఆమ్లం గాజు పైపూతని తినేసింది. దాంతో తీస్తే వెలుగున్న చోటల్లా పొగ కమ్మినట్టు వచ్చింది. ఇంకో పాత లెన్సు కొనక తప్పలేదు. అన్నీ కలిపి పదివేలు దాటకూడదని ఇంట్లో షరతు.

కొనే పనిలో పడ్డాక తెలిసింది, ఈ గాజుముక్కల వెనక ఒక పెద్ద చరిత్రే ఉంది.

జర్మనీలో జేనా అనే ఊళ్ళో కార్ల్ జైస్ కంపెనీ. అక్కడ పౌల్ రుడాల్ఫ్ అనే ఆయన 1896లో ప్లానార్ అనే లెన్సు గీశాడు. ఆరు గాజులు, అటు మూడు ఇటు మూడు, మధ్యలో వెలుగుని అదుపు చేసే రంధ్రం. గీత బాగుంది, ఫలితం రాలేదు. గాజుకీ గాలికీ మధ్యనున్న ప్రతి ముఖం దగ్గరా నాలుగైదు శాతం వెలుగు వెనక్కి తిరిగిపోతుంది. ప్లానార్‌లో అలాంటివి ఎనిమిది. తిరిగిన వెలుగు లోపలే తారట్లాడి బొమ్మ వెలవెలబోయేది. అందుకని 1902లో ఆయనే నాలుగే గాజులతో టెస్సార్ చేశాడు, లోకం దాన్నే పట్టుకుంది. ప్లానార్ అల్మారాలో ఉండిపోయింది. 1935లో అదే జైస్‌లో అలెగ్జాండర్ స్మకూలా గాజు మీద పల్చటి పూత వేసే పద్ధతి కనిపెట్టాడు. వెనక్కి పోయే వెలుగు తగ్గింది, పాత గీతకి ప్రాణం వచ్చింది. ఇవాళ మనకి అగ్గువగా దొరికే 50 మి.మీ. లెన్సులు చాలామటుకు ఆ ప్లానార్ మనవలే. మా తాత టకుమార్ కూడా. బూజు తిన్న పూత వెంట దాని ప్రాణం సగం ఎందుకు పోయిందో మాకు అప్పుడు అర్థమైంది.

ఇక యుద్ధం. 1945లో జేనాలోకి ముందు అమెరికా సేన వచ్చింది. జైస్ నిపుణుల్లో కొందరిని తమతో పడమటికి తీసుకుపోయింది, వాళ్ళు ఓబెర్‌కోహెన్‌లో కొత్త జైస్ పెట్టుకున్నారు. ఆ తర్వాత ఊరు సోవియట్ల చేతికి వచ్చింది. యంత్రాలు, పనివాళ్ళు కొందరు అటు పోయారు. ఒక్క ఇంటిపేరుకి రెండు ఇళ్ళు! పేరు ఎవరిదన్న తగాదా ఎంత దూరం పోయిందంటే, తూర్పు జర్మనీ వాళ్ళు పడమటి దేశాలకి పంపే లెన్సుల మీద జైస్ అనీ టెస్సార్ అనీ చెక్కడానికి లేక, టెస్సార్‌కి బదులు ఉత్త ‘టి’ అక్షరం, ‘జేనా’ అన్న ఊరిపేరు వేసి పంపేవాళ్ళు. దాయాదుల మధ్య ఇంటి పంపకం చూస్తున్న మాకు ఇది చదివితే నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో జైస్ బియోటార్ లెన్సుని అనుసరించి 58 మి.మీ. హీలియోస్-44 చేశారు. జెనిట్ కెమెరాలకి తగిలించి లక్షల కొద్దీ వదిలారు. అందుకే అది ఇప్పటికీ అగ్గువ.

ఈ లెన్సులన్నీ ఒకదాని కెమెరాకి ఇంకొకటి ఎట్లా పడతాయి? 1949లో డ్రెస్డెన్‌లో వచ్చిన కాంటాక్స్ ఎస్ అనే కెమెరాకి 42 మి.మీ. వెడల్పు మరచుట్టు పెట్టారు. ఎం42 అంటారు. సీసా మూతలాగా తిప్పి బిగించడమే. తూర్పు జర్మనీ, 1957లో జపాను ఆసాహి, ఆ తర్వాత రష్యా, అందరూ ఆ చుట్టే పట్టుకున్నారు. (టకుమార్ అన్న పేరు ఆసాహి పెట్టినాయన సోదరుడిది. ఆయన తకుమా కజివారా, అమెరికాలో స్థిరపడిన చిత్రకారుడు, ఫొటోగ్రాఫరు. పరదేశంలో ఉన్న ఇంటిమనిషి పేరు లెన్సుకి పెట్టుకున్నారు!) నైకాన్, కెనాన్, మినోల్టా ఎవరి పిడి వాళ్ళు పెట్టుకున్నారు.

1985లో మినోల్టా 7000 వచ్చాక ఫోకస్ దానంతట అదే పట్టడం బాగా వాడుకలోకి వచ్చింది. 1987లో కెనాన్ తన పాత ఎఫ్‌డి పిడిని వదిలేసి కొత్తది పెట్టింది. ఎఫ్‌డి లెన్సులు అనాథలయ్యాయి. లెన్సు కూచునే అంచుకీ ఫిలింకీ మధ్య దూరం ఎఫ్‌డికి 42 మి.మీ., కొత్త కెనాన్‌కి 44. ఉండాల్సినదానికన్నా దూరం పెరిగితే దూరపు వస్తువులు స్పష్టంగా రావు, మధ్యలో ఇంకో గాజు పెడితే తప్ప. ఎం42కి ఆ దూరం 45.46, నైకాన్‌కి 46.5. అందుకే అద్దమున్న నైకాన్ వాడేవాళ్ళకి ఎం42తో ఎప్పుడూ చిక్కే.

2008లో పానాసోనిక్ జి1తో మొదలుపెట్టి, 2010లో సోనీ నెక్స్‌తో, కెమెరాలోపలి అద్దం పోయింది. అద్దం ఆడే చోటు అక్కర్లేదు కాబట్టి ఆ దూరం సోనీలో 18 మి.మీ.కి దిగింది. 45.46లో 18 తీసేస్తే 27.46 మి.మీ. అంత పొడుగు ఖాళీ గొట్టం ఒకటి మధ్యలో బిగిస్తే చాలు, తాత లెన్సు మనవడి కెమెరా మీద కూచుంటుంది. గాజు అక్కర్లేదు. అనాథ ఎఫ్‌డి కూడా అట్లాగే బతికింది. మేం ఆ గొట్టానికి తొమ్మిది వందలు ఇచ్చాం.

తెచ్చిన రోజు కెమెరా నొక్కితే పలకలేదు. పాడైందనుకున్నాం. లెన్సు ఉన్నట్టే దానికి తెలీదు. ‘లెన్సు లేకపోయినా తియ్యి’ అనే అనుమతి మెనూలో ఒకటుంది, అది ఇవ్వాలి. ఫోకస్ చేత్తో తిప్పుతుంటే స్పష్టమైన అంచులు రంగులో మెరిసేట్టు కూడా పెట్టుకోవచ్చు.

మేం మొదట కొన్నది హీలియోస్ 44-2. అందరూ దాన్నే పొగుడుతున్నారు. నాలుగున్నర వేలు. నిజమే, పూర్తిగా తెరిచి తీస్తే వెనకాల ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయి. అవ్వని వేపచెట్టు ముందు కూచోబెట్టి తీశాం. ముఖం బంగారంలా వచ్చింది. మా పెద్దనాయన ఆ బొమ్మ చూసి చాలాసేపు మాట్లాడలేదు. ‘బానే ఉంది. ఇల్లేదిరా?’ అన్నాడు చివరికి.

అక్కడ మాకు తెలివి వచ్చింది. వెనకనున్నది కరిగిపోవడం ఇప్పటి మోజు. మాకు కావలసింది కరగని వెనక. తిన్నె స్తంభం, గడప మీది చెక్కడం, తాత మేకు కొట్టిన చోటు. పైగా చాలా చవక కెమెరాల్లో లోపలి ఫలకం ఫిలిం కన్నా చిన్నది. ఒకటిన్నరతో హెచ్చించుకోవాలి. 58 అక్కడ 87 అవుతుంది. పన్నెండడుగుల వసారాలో నిలబడి తీస్తే అవ్వ, గోడ ముక్క తప్ప ఇంకేం పట్టదు. ఇంట్లో మనుషుల్ని ఇంటితో సహా తియ్యాలంటే 28 మి.మీ. కావాలి, అది 42గా పనిచేస్తుంది. దాన్ని ఎఫ్ 8కి మూసి తీస్తే దగ్గరదీ దూరందీ రెండూ నిలబడతాయి. ఆ మాత్రం మూస్తే పాత లెన్సుల్లో మంచి చెడ్డల తేడా కూడా బాగా తగ్గిపోతుంది. ఎఫ్ 1.4 కోసం ఎక్కువ డబ్బు పోసే ముందు ఇది గుర్తు పెట్టుకుంటే మీకు రెండు మూడు వేలు మిగులుతాయి.

28కోసం ఒకాయన దగ్గర ‘కొత్తదాన్లా ఉంది’ అన్న మాట నమ్మి డబ్బు పంపాం. వచ్చింది పొగచూరిన గాజు. వెనక్కి తీసుకోలేదు, ఆ పద్దెనిమిది వందలు పోయినట్టే. రెండోసారి మనిషిని కలిసి, సెల్‌ఫోను టార్చి వెనక నుంచి కొట్టి చూసుకుని కొన్నాం. మినోల్టా, 28 మి.మీ., ఎఫ్ 2.8, రెండువేల ఐదొందలు. దానికి వేరే గొట్టం, ఇంకో తొమ్మిది వందలు. కూడితే పదివేల ఆరొందలైంది. ఆరొందలకి ఇంట్లో సంజాయిషీ చెప్పుకున్నాం. మీరు కొనేటప్పుడు టార్చి మర్చిపోవద్దు. ముందు గాజు మీద సన్నటి గీత ఉంటే పర్లేదు. వెనక గాజు మీద మసకా, బూజూ ఉంటే ఎంత చవకైనా వద్దు. రంధ్రం రేకులకి నూనె అంటితే అవి నెమ్మదిగా కదులుతాయి. ఫోకస్ చుట్టు బిగుసుకుంటే బాగుచేసే ఖర్చు లెన్సు ధరని మించుతుంది. బూజున్న లెన్సుని మంచివాటి పక్కన పెట్టకండి. ఒడిశా, యానాం, మద్రాసు తీరాల్లో ఉండేవాళ్ళు తోలు సంచిలో మాత్రం అసలు దాచొద్దు. తోలు తేమ పీలుస్తుంది, మా తాత లెన్సుని తిన్నది ఆ సంచే. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోండి, రంగు మారినప్పుడల్లా పొట్లాలు ఆరబెట్టుకోండి.

పురటాసి మూడో శనివారం పొద్దున, పూజ అయ్యాక, అవ్వని తిన్నె మీద కూచోబెట్టాం. చుట్టు తిప్పడం, పెద్దది చేసి చూడడం, మళ్ళీ తిప్పడం. ఈలోపు అవ్వ రెండుసార్లు తమలపాకు నమిలి ఉమ్మింది. ‘మీ తాత ఇంత సేపు చేసేవాడు కాదు’ అంది. పిల్లాడు, ‘తాతకి ఫిలిం ఖర్చు, అవ్వా. నాకు ఆ భయం లేదు గదా’ అన్నాడు. ‘అయితే నాకు కాఫీ తెచ్చిచ్చి తియ్యి’ అంది. ఆమె లోపలికి తిరిగి కోడల్ని పిలుస్తున్నప్పుడు తీసిన బొమ్మే మా అందరికీ నచ్చింది. గడప పైన తాత కొట్టిన మేకు కనిపిస్తోంది.