సేవ, ఖిద్మత్, పరిచర్య: డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాల చరిత్ర నేర్పే పాఠము

ఉపోద్ఘాతము

నిజామాబాదు బజారులో మూడు మాటలు వినబడతాయి. హిందూ సోదరులు 'సేవ' అంటారు. ముస్లిం సోదరులు 'ఖిద్మత్' అంటారు. మనము సంఘములో 'పరిచర్య' అంటాము. టర్కీ దేశములో బోధకుడైన ఫెతుల్లా గులెన్ ప్రేరణతో పుట్టిన విద్యా సేవా ఉద్యమానికి 'హిజ్మెత్' అని పేరు. అది మన ఊరి 'ఖిద్మత్'కు టర్కీ రూపమే. విశ్వాసము నుండి పుట్టిన సేవ మతముల మధ్య సంభాషణకు దారి తీయగలదా అనేది ఆ ఉద్యమము లేవనెత్తిన ప్రశ్న. ఈ ప్రశ్నకు మన జిల్లా చరిత్రలోనే ఒక జవాబు ఉంది. అది డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాల. ఆ చరిత్రను సంఘ కాపరులు, వేదాంత విద్యార్థులు పరిశీలించవలెనని ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

హిజ్మెత్: ఎదుగుదల, పతనము

గులెన్ 1966 నుండి ఇజ్మీర్ పట్టణములో బోధించాడు. మసీదులు కట్టుటకంటె పాఠశాలలు కట్టుట మేలని ఆయన తన శ్రోతలను ప్రోత్సహించాడు. మొదట విద్యార్థి వసతి గృహములు, తరువాత పాఠశాలలు వెలిశాయి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిమ్మట అవి మధ్య ఆసియాకు, అక్కడి నుండి అనేక దేశములకు విస్తరించాయి. వ్యాపారులు, ఉపాధ్యాయులు తమ సంపాదనను, సమయాన్ని ఇచ్చారు. మతాంతర సంభాషణ వేదికలు కూడ ఏర్పడ్డాయి.

అయితే ఆ ఉద్యమ అనుచరులు పోలీసు, న్యాయ శాఖలలో పలుకుబడి సంపాదించారనే ఆరోపణ బలపడింది. 2013లో ప్రభుత్వముతో బహిరంగ వైరము మొదలైంది. 2016 జూలై 15 నాటి సైనిక తిరుగుబాటు యత్నానికి గులెన్ కారకుడని టర్కీ ప్రభుత్వము ప్రకటించింది. ఆయన దానిని ఖండించాడు. ఆ దేశములో ఉద్యమ సంస్థలన్నీ మూతబడ్డాయి. వేలాదిమంది చెరసాల పాలయ్యారు. గులెన్ 2024 అక్టోబరు 20న అమెరికాలో మరణించాడు. ఎవరి మాట నిజమో తీర్పు చెప్పుట మన పని కాదు. ఒక్కటి మాత్రము గమనించవలెను. సేవ అధికారానికి చేరువైనప్పుడు దాని మంచి పని కూడ అనుమానము పాలవుతుంది.

ఇందూరు నేల

నిజామాబాదు పూర్వనామము ఇందూరు. 1931 నాటికి నిజాంసాగర్ జలాశయము పూర్తయి, కాలువ నీటితో చెరకు సాగు విస్తరించింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైంది. బోధన్ శక్కర్‌నగర్‌లోని ఆ కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందింది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యములోనికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతబడింది.

చెరకు పొలములో పని చేతులతో జరిగేది. కుష్ఠు వ్యాధి మొదట చేతుల స్పర్శను తీసివేస్తుంది. స్పర్శ లేని చేతికి కత్తి తెగినా తెలియదు, ఆకు అంచు కోసినా తెలియదు. పుండు మానదు, వేళ్లు వంకరపోతాయి. అది చూచి పనికి పిలిచేవారు ఉండరు. తరువాత ఇంటివారు వేరుగా పెడతారు. కూలి మీద బ్రతికే మనిషికి ఈ వ్యాధి ఒకేసారి కూలిని, కుటుంబాన్ని తీసివేస్తుంది.

మూడు చేతుల పని

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండులో జన్మించారు. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయములో వైద్య పట్టము పొందారు. భర్త జార్జి కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షాన 1907లో హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. నిజామాబాదులో పని చేయునప్పుడు కుష్ఠు రోగులకు చికిత్స గాని, నీడ గాని లేకపోవుట ఆమె చూచారు. 1911లో చిన్నగా పని మొదలైంది. ఆమెకు వైద్యము తెలుసు, ప్రేమ ఉంది. కాని కట్టడానికి ధనము లేదు.

ధనము ఇచ్చినవాడు క్రైస్తవుడు కాడు. నిజామాబాదుకు చెందిన హిందూ దాత రాజా నర్సాగౌడ్ ముందుకు వచ్చారు. ఆయన సహాయముతో నిజామాబాదుకు సుమారు 15 కిలోమీటర్ల దూరములోని డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా కుష్ఠు వైద్యశాల తెరువబడింది. ఆ నేల ముస్లిం పాలకుడైన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రాజ్యములోనిది. ఆ ప్రభుత్వము సమ్మతి లేకుండ విదేశీ మిషను అక్కడ నిలువజాలదు.

కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ వంటి వైద్యులు హిడ్నోకార్పస్ నూనెతో చికిత్సను అభివృద్ధి చేయగా ఇసబెల్ కెర్ దానిని డిచ్‌పల్లికి తెచ్చారు. అది బాధాకరమైన సూదిమందు, నెలల తరబడి సాగేది. ఫలితము పరిమితమే. అయినను ఆశ్రయము కోసము మాత్రమే కాక చికిత్స కోసము రోగి వచ్చే చోటుగా డిచ్‌పల్లి మారింది. ఇది చిన్న మార్పు కాదు. 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము లభించింది. 1932లో ఆమె మరణించారు. జార్జి కెర్ పనిని కొనసాగించారు.

వైద్యశాలకు మహారాణి పేరు, వైద్యురాలికి చక్రవర్తి పేరిట పతకము. మన మిషను చరిత్ర కూడ సామ్రాజ్యపు నీడలో నడిచినదే. టర్కీ వైపు వేలు చూపునప్పుడు దీనిని మరువరాదు. కాని డిచ్‌పల్లిని నిలబెట్టినది ఆ నీడ ఒక్కటే కాదు. వైద్యము క్రైస్తవురాలిది, ధనము హిందువుది, రాజ్యము ముస్లిం పాలకునిది. మిషను ఇచ్చుటతో పాటు పుచ్చుకొనుట కూడ నేర్చుకొంది. మన మేలు కోరి చేసే పనిలో ఇతరుల సహాయము మనకు అవసరమని ఒప్పుకొనుటే సంభాషణకు ఆరంభము. లూకా 10వ అధ్యాయములోని మంచి సమరయుడు సహితము గాయపడినవానిని పూటకూళ్లవాని చేతికి అప్పగించవలసి వచ్చింది కదా!

లేని నాలుగవ చేయి

1940ల నుండి డాప్సోన్ వాడుకలోకి వచ్చింది. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాక 6 లేక 12 నెలలలో వ్యాధి నయమవుతున్నది. 2005 డిసెంబరు నాటికి మన దేశము ప్రతి 10,000 మందికి ఒకటి కంటె తక్కువ కేసుల స్థాయికి చేరింది. అయినను 2023లో ప్రపంచములో నమోదైన కొత్త కేసులలో సగానికి పైగా మన దేశములోనివే.

ఇక సంఘమును గూర్చి ఒక కఠినమైన ప్రశ్న వేసుకొనవలెను. 2001లో క్రైస్తవుల విడాకుల చట్టము సవరింపబడింది. స్త్రీలకు సమాన హక్కు ఇచ్చిన మంచి సవరణ అది. కాని అందులోనే భార్య గాని భర్త గాని నయము కాని కుష్ఠుతో ఉంటే విడాకులు కోరవచ్చుననే నిబంధన చేరింది. అప్పటికి ఆ వ్యాధి నయమవుతూనే ఉంది! ఇతర మతముల వివాహ చట్టములలోనూ అటువంటి నిబంధనలు ఉండేవి. 2019లో పార్లమెంటు వాటన్నిటినీ కలిపి తొలగించింది. ఆ 18 ఏండ్లు మన ప్రసంగ వేదికల మీద మార్కు 1వ అధ్యాయము చదువబడుతూనే ఉంది. ప్రభువు కుష్ఠరోగిని ముట్టెనని చెప్పిన మనము, మన వివాహ చట్టములోని ఆ వాక్యమును ఎందరము గమనించాము?

వైద్యశాల కట్టి సంఘము తన బాధ్యత తీరిందనుకొంది. రోగిని వైద్యురాలు ముట్టింది, సంఘస్థులు దూరముగానే కూర్చున్నారు. డిచ్‌పల్లి చరిత్రలో మూడు చేతులు కనబడతాయి. నాలుగవది సంఘపు చేయి. అది ఇంకను చాపబడవలసి ఉంది.

ముగింపు

లేవీయకాండము 13వ అధ్యాయమును మనము తరచుగా చదువుతాము, 14వ అధ్యాయమును అరుదుగా చదువుతాము. 13లో యాజకుడు రోగిని పాళెము వెలుపలికి పంపుతాడు. 14లో యాజకుడే పాళెము వెలుపలికి వెళ్లి, బాగుపడినవానిని చూచి, లోపలికి తెస్తాడు. లూకా 17లో ప్రభువు పదిమందిని యాజకుల యొద్దకు పంపుటలోని భావమును దీనితో కలిపి ఆలోచించవలెను. శరీరము బాగుపడుట ఒక సంగతి, సమాజములోనికి తిరిగి వచ్చుట మరొక సంగతి. రెండవది మందుతో జరగదు.

డిచ్‌పల్లిలో నేడు తెలంగాణ విశ్వవిద్యాలయము ఉంది. చదువుల ఊరుగా దానిని ఎరిగిన యువ కాపరులు, శతాబ్దము క్రితము అక్కడ జరిగిన ఈ పనిని కూడ ఎరుగవలెను. వంకర వేళ్ల చేయి ప్రభురాత్రి భోజనపు పాత్రకై చాపబడినప్పుడు పక్కనున్నవారు ఏమి చేస్తారన్నదే మన పరిచర్యకు పరీక్ష. ఆ దినము కాపరి ముందుగా ఆ చేతిని పట్టుకొనును గాక.